మధ్యలో ఆగే ఊరు

2వ తేదీ, సోమవారం

మిషన్ ఖాయమైంది. మందపాటి లెదర్ మూడు పొరలు పెట్టినా కిమ్మనకుండా కుట్టేసే పాత మిషన్. ఆ వర్క్‌షాపు పెద్దాయన షెడ్డు ఖాళీ చేస్తున్నాడట, పదిహేనో తేదీ లోపల వచ్చి పట్టుకుపొమ్మన్నాడు. ఆ తర్వాత తాళం ఇంకొకరి చేతికి పోతుందట. పార్శిల్ లారీలో వేయించుకుందాం అంటే ఈయన ఒప్పుకోలేదు. "పెళ్ళికూతుర్ని లారీలో పంపిస్తారా ఎవరైనా?" అన్నారు. మన వ్యాన్‌లోనే వెళ్ళి తెచ్చుకోవాలట. సోఫాల దుకాణం పెట్టుకుని పెళ్ళికూతుళ్ళ మాటలు.

పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. మధ్యలో ఒక రాత్రి ఎక్కడో ఆగాలి.

కటింగ్ బల్ల మీద గుడ్డలు పక్కకి నెట్టి ఈయన మ్యాప్ పరిచారు. రోడ్డు మీద వేలు పెట్టి జరుపుకుంటూ పోయి, పెద్ద బ్రిడ్జి దాటాక ఆపారు. "ఇక్కడ హైవే పక్కన లాడ్జీలుంటాయి. లారీవాళ్ళు ఆగేవి. తెల్లారగానే లేచి పోవచ్చు."

ఆ వేలికీ ఆ ఊరికీ మధ్య గోరంత దూరం. ఆయన ఆ ఊరి పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

"లారీవాళ్ళు ఆగేచోట నేను పడుకోను" అన్నాను. అంతే అన్నాను.

3వ తేదీ

ఊళ్ళోకి వెళ్ళి ఆగుదామని పొద్దున్నే చెప్పేశాను. పెద్ద ఊరు, మంచి హోటళ్ళుంటాయి, వ్యాన్‌కి కాపలా ఉంటుంది. ఊళ్ళోకి దూరితే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామన్నారు. "నడుము పట్టేసే మనిషి మీరు. మంచి పరుపు లేకపోతే మర్నాడు స్టీరింగ్ ఎవరు తిప్పుతారు?" అన్నాను. పరుపుల విషయంలో నా మాటకి ఎదురు లేదు.

నిజానికి ఆ ఊరు నేను చూడనే లేదు. ఏ వైపు రైల్వే స్టేషనో, ఏ వైపు బజారో కూడా తెలీదు.

చెల్లి కాన్పుకని ఆసుపత్రికి వెళ్ళింది. తను తిరిగి రాలేదు, పిల్ల వచ్చింది. నాలుగేళ్ళు నా దగ్గరే పెరిగింది. మరిది అప్పుడు ఓడల్లో పనిచేసేవాడు, ఏడాదికోసారి వచ్చి ఇంత పెద్ద బొమ్మ ఇచ్చి పోయేవాడు. తర్వాత ఒడ్డున ఉద్యోగం దొరికింది. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పిల్లని ఆ ఊరికి తీసుకెళ్ళాడు. తండ్రి తన కూతుర్ని తీసుకెళ్తే ఎవరు మాత్రం ఏమంటారు?

నాకు తెలిసిందే కదా ఇదంతా, మళ్ళీ రాసుకోవడం ఎందుకో. పడుకుంటాను.

5వ తేదీ

హోటల్ దొరికింది. ఫోన్‌లో వెతికాను. నాలుగైదు చూశాక ఇది నచ్చింది. వెనక వ్యాన్ పెట్టుకునే జాగా ఉంది, కింద మందుల షాపు ఉంది, ఈయన కాళ్ళనొప్పుల మందు ఎప్పుడు అయిపోతుందో తెలీదు కాబట్టి అది అవసరం. ఎదురు వీధిలో ఒక స్కూల్ ఉంది. అది అక్కడ ఉండడం వేరే సంగతి. స్కూల్ లేని ఊరెక్కడుంది?

స్కూల్ పేరు మరిది ఒకసారి ఫోన్‌లో అన్నాడు, ఎందుకో గుర్తుండిపోయింది.

ఈయనకి చూపిస్తే అద్దాలు పైకి నెట్టి, మ్యాప్ కాసేపు చూసి, "బస్టాండ్‌కి దూరం. హైవేకి ఇంకా దూరం. బావుంది" అన్నారు. నేను పార్కింగ్ సంగతి ఎత్తుకున్నాను, మందుల షాపు సంగతి కూడా. చెయ్యి అడ్డం పెట్టారు.

"నీకు ఏ హోటల్ కావాలో చెప్పవోయ్. కారణాలు నేను వెతికిపెడతాను."

కోపం వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ సర్దాను.

6వ తేదీ

ఫోన్ చెయ్యలేదు.

7వ తేదీ

చెయ్యలేదు. మెసేజ్ రాశాను: 'మేము పనిమీద మీ ఊరి మీదుగా వెళ్తున్నాం.' చెరిపేశాను. 'ఒక్క పూట ఆగుతున్నాం.' చెరిపేశాను.

పిల్లని తీసుకెళ్ళిన రెండు నెలలకి మరిదే ఫోన్ చేసి అన్నాడు. "వదినా, ఏమీ అనుకోవద్దు. కొన్నాళ్ళు రాకండి. పిల్ల ఆవిడకి అలవాటు పడాలి కదా." అలాగేనయ్యా అన్నాను. మంచిదేగా, నేను మాత్రం పిల్ల ఏడవాలని కోరుకుంటానా? కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. అలా అయిదేళ్ళు గడిచిపోయాయి. పుట్టినరోజుకి ఒక ఫోటో పంపిస్తాడు. ఫోన్ చేస్తే, "బావుంది వదినా, స్కూల్‌కెళ్ళింది వదినా" అంటాడు. ఎప్పుడు చేసినా స్కూల్‌కే వెళ్ళి ఉంటుంది మహాతల్లి.

గొడవ లేదు. తిట్టుకున్నది లేదు. గొడవైనా పడి ఉంటే రాజీ కోసం ఎవరో ఒకరు మధ్యలోకి వచ్చేవాళ్ళు. ఇంత మర్యాదగా దూరమైపోతే ఎవరొస్తారు?

8వ తేదీ

దుకాణంలో పెద్దగా పని లేదు. ఒక డాక్టరుగారి వీల్ కుర్చీ సీటు, రెండు బార్ స్టూళ్ళు. అవి అయిపోయాక నీలం రంగు ఊలు గుడ్డ ముక్క కనబడింది, మంచి ముక్క. పారేయడం ఎందుకని చిన్న కోటు కత్తిరించాను. ఎవరికో ఒకరికి పనికొస్తుంది.

సరే. బుడంకాయకే.

కొలతలు లేవు. పిల్లని చూసి అయిదేళ్ళయింది. ఫోటో తీశాను. ఈ ఏడాది ఫోటోలో కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడి ఉంది, ఎవరో నవ్వమంటే నవ్విన నవ్వు. ఇంకేం కావాలి? సీటు ఎత్తు పద్దెనిమిది అంగుళాలు. నేల మీంచి సీటు దాకా మనిషి కాలు ఎంతో కుర్చీ అంతే, ఎవరు చేసినా, ఎక్కడ చేసినా. స్కేలు పెట్టి కొలిచాను. సీటు కన్నా పిల్ల ఎన్ని రెట్లుందో లెక్కేశాను. భుజాలు, చేతులు అన్నీ వచ్చేశాయి. అబ్బో, నా భుజం దాటేసింది. చెల్లి కూడా పొడుగే.

ఈయన వచ్చి చూశారు. "కుర్చీని చూసి పిల్లని కొలిచే మనిషిని నిన్నే చూశాను."

"ముప్ఫై ఏళ్ళుగా కుర్చీలు చూస్తున్నాను. అవి అబద్ధం చెప్పవు."

10వ తేదీ

కోటు అయింది. లోపల పట్టులాంటి అస్తరు వేశాను, మెడ దగ్గర గుచ్చుకోకూడదు. చిన్నప్పుడు మెడ దగ్గర లేబుల్ తగిలితే చాలు, గౌను విప్పేసి దుకాణమంతా పరిగెత్తేది.

ఇవ్వకపోయినా ఫర్వాలేదు. వెంట ఉంటే చాలు.

11వ తేదీ

ఈయనతో మాటా మాటా పెరిగింది.

"వాళ్ళకి చెప్పు" అన్నారు. "చెప్పకుండా పోయి గేటు దగ్గర నిలబడతావా? దొంగతనానికి పోతున్నామా మనం?"

"చెబితే వద్దంటారు."

"అననీ."

"వద్దన్నాక వెళ్తే తప్పు. అడక్కుండా వెళ్తే తప్పు లేదు. దూరం నుంచి చూస్తాను, అంతే. పిల్ల చూడదు. నేను చూస్తాను. ఆ మాత్రానికి ఎవరి అనుమతి కావాలి?"

ఆయన కుట్టుపని ముందుకి లాక్కున్నారు. దబ్బనంలో దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించి, ఎక్కించలేక నా చేతికిచ్చారు. ఎక్కించి ఇచ్చాను. అలా రాజీ అయినట్టు.

స్కూల్ వదిలేది సాయంత్రం. మేము మధ్యాహ్నానికే ఊరు చేరతాం. హోటల్‌లో సామాను పడేసి, మొహం కడుక్కుని, వీధి దాటితే చాలు. అంతా సరిపోతుంది.

13వ తేదీ, హోటల్ గదిలో

ఏదీ సరిపోలేదు.

పొద్దున్న చీకటితో బయల్దేరాం. దారంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఈయన రేడియో కట్టేసి విన్నారు. బ్రిడ్జి ఇంకా రాకముందే నూనె ట్యాంకర్ ఒకటి రోడ్డుకి అడ్డం పడి ఉంది. వ్యాన్లు, బస్సులు, ముందూ వెనకా కదలకుండా. జనం దిగి పొలాల గట్ల మీద కూర్చున్నారు. పక్క కారులోని ఆవిడ బిస్కెట్లు ఇచ్చింది. నాకు తినబుద్ధి కాలేదు. ఈయన రెండు తిని, "ఇంకో గంట" అన్నారు. గంటైంది. "ఇంకో అరగంట" అన్నారు. ఆయన మాట వింటే కొట్టాలనిపించింది, పాపం ఆయనేం చేస్తారు.

ఊళ్ళోకి వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. స్కూల్ గేటు మూసేసి ఉంది. గోడ మీద రంగు చేపలు వేశారు. గేటు లోపల ఒక నీళ్ళ సీసా పడి ఉంది, ఎవరో పిల్లది.

ఊరంతా మామూలుగానే ఉంది. టైర్ల షాపు, ఫోటో స్టూడియో, పళ్ళబండి, బస్సు కోసం నిలబడ్డ నర్సులు. ఎప్పుడూ చూడని ఊరు కదా, ప్రతి కిటికీలో దీపం చూస్తే, ఇదేనేమో వాళ్ళ ఇల్లు అనిపించింది. వీధిలో చిన్నపిల్ల గొంతు వినబడితే తల అటే తిరిగిపోతోంది. ఇంత దగ్గర్లో ఉండి ఎక్కడుందో తెలియకపోవడం... దూరంగా ఉన్నప్పుడే నయం. మా ఇంట్లో ఉన్నప్పుడు పిల్ల దగ్గర లేదని తెలుసు, సర్దుకుంటాను.

పరుపు దిక్కుమాలిన పరుపు. మధ్యలో గొయ్యి. ఈయన పడుకుని, "మంచి పరుపు కోసమే కదా ఈ ఊరికొచ్చాం" అన్నారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నట్టు నటించారు.

పొద్దున్న స్కూల్‌కి పిల్లలు రావాలి కదా. అప్పుడు చూస్తాను. చూసి వెంటనే బయల్దేరితే చీకటి పడేలోపు వర్క్‌షాపు చేరిపోతాం. ఆ పెద్దాయన ఎల్లుండితో తాళం ఇచ్చేస్తున్నాడు, ఆగే వీల్లేదు.

14వ తేదీ, దారిలో, వ్యాన్‌లో రాస్తున్నాను

అక్షరాలు వంకరగా వస్తున్నాయి. రానీ.

గేటుకి ఎదురుగా ఫోటో స్టూడియో మెట్ల మీద నిలబడ్డాను. కోటు సంచీలో ఉంది. ఈయన వ్యాన్ దగ్గరే ఆగారు. పిల్లలు రావడం మొదలైంది. రిక్షాల్లో, సైకిళ్ళ మీద, తండ్రుల వేళ్ళు పట్టుకుని. ఒకే రంగు బట్టలు, ఒకే రంగు సంచులు. నాకేం కంగారు లేదు, ఎంత పొడుగు పిల్ల కోసం చూడాలో నాకు తెలుసు. నా భుజం దాటిన పిల్ల. పొడుగు పిల్లలందరి మొహాలూ చూశాను. ఒకటీ కాదు. చిన్నపిల్లలు నా ముందునుంచే, నన్ను రాసుకుంటూ పోతున్నారు, వాళ్ళ మీదుగా తొంగి తొంగి చూస్తున్నాను. గంట కొట్టారు. గేటు మూసేశారు.

రాలేదు అనుకున్నాను. జ్వరమేమో. లేదా స్కూల్ మార్చారేమో, మరిది చెప్పలేదేమో, నాకెందుకు చెబుతాడు? అలా అనుకుంటూ నిలబడి ఉన్నాను, ఈయన రోడ్డు దాటి వచ్చారు.

"చూశావా?"

"రాలేదు."

ఆయన మొహం ఒకలా అయింది. "నీ పక్కనుంచే వెళ్ళిందే! ఎర్ర రిబ్బను కట్టుకుంది. నీ సంచీకి తగిలి, సారీ కూడా చెప్పింది. అచ్చం మీ చెల్లి నడకే. నువ్వు చూస్తున్నావనుకుని నేను పిలవలేదు."

ఎవరో తగిలారు. నిజమే. సారీ అన్నారు. 'ఫర్వాలేదమ్మా' అని కూడా అన్నాను, కిందికి చూడకుండా.

నాలుగేళ్ళు పెంచాను. ఒళ్ళు చూసి జ్వరం చెప్పేదాన్ని. గది అవతల నిద్రలో కదిలితే లేచేదాన్ని. పక్కనుంచి పోతే గుర్తుపట్టలేదు. కుర్చీ ఎత్తు చూసుకుంటూ నిలబడ్డాను.

అప్పుడే స్కూటర్ మీద ఒకావిడ, పిల్లని దింపి తిరిగి వెళ్ళబోతూ, మమ్మల్నే చూస్తోంది. స్కూటర్ ఆపేసింది. హెల్మెట్ తీసింది. సన్నటి మనిషి, నాకన్నా బాగా చిన్నది. ఫోటోల్లో ఒక అంచున కనబడే చెయ్యి తప్ప ఆవిడని ఎప్పుడూ చూడలేదు నేను.

"అక్కా... మీరేనా? మా ఇంట్లో మీ ఫోటో ఉంది."

అయిదేళ్ళుగా ఆవిడ ఎదురుపడితే ఏం అడగాలో తయారుచేసుకున్నాను. వంట చేస్తూ, కుట్టుకుంటూ, బస్సులో కూర్చుని, ఒకటా రెండా. ఒక్కటి కూడా నోటికి రాలేదు. "పిల్ల సరిగ్గా తింటోందా?" అన్నాను.

"తింటోందక్కా" అని ఆవిడ ఏడ్చేసింది, నడిరోడ్డు మీద. నేను కూడా. ఈయన ట్రాఫిక్ పోలీసులా నిలబడి మా చుట్టూ సైకిళ్ళని మళ్ళించారు.

రాకండి అన్నది తనేనట. మరిది కాదు. "రాత్రుళ్ళు మీ కోసం ఒకటే ఏడుపు. అమ్మ ఏదీ, అమ్మ ఏదీ అని తలుపు దగ్గరే కూర్చునేది. నేను దగ్గరికెళ్తే ఇంకా ఏడ్చేది. నా వల్ల కాక అన్నాను, కొన్నాళ్ళు రావద్దనమని. తర్వాత అలవాటు పడింది. అప్పుడు పిలుద్దామంటే మొహం చెల్లలేదు. రమ్మంటే రారేమో, వచ్చి తిడతారేమోనని. ఏడాది కాగానే ఇంకా కష్టమైంది."

"నేనూ అంతే. నువ్వు పిలుస్తావేమోనని చూస్తూ కూర్చున్నాను."

సంచీలోంచి కోటు తీసి ఇచ్చాను. విప్పి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అక్కా, ఇది నాకు సరిపోయేలా ఉంది."

ఫోటో సంగతి చెప్పాను, కుర్చీ సంగతి చెప్పాను. అది ఒకటో తరగతి గదిలో తీసిన ఫోటోనట. బుడ్డి కుర్చీ. చిన్నపిల్లలకి చేసిన కుర్చీ. ఇన్నేళ్ళు ఈ పని చేసి, చిన్నపిల్లల కుర్చీలు ఉంటాయని తట్టలేదు నాకు. మా దుకాణానికి అవి రావు, ప్లాస్టిక్‌వి కదా, ఎవరు బాగుచేయించుకుంటారు?

కోటు తిరిగి నా చేతిలోనే పెట్టింది. "మీరే ఇవ్వండి. తిరిగి వచ్చేప్పుడు మా ఇంట్లో దిగండి. హోటల్ అన్నారంటే ఊరుకోను. ఆయనకి నేను చెప్పుకుంటాను."

తను నాకు చెబుతోంది, ఊరుకోనని. బావుంది వరస. వస్తామన్నాను.

15వ తేదీ

మిషన్ తీసుకున్నాం. పెద్దాయన షెడ్డు తాళం వేస్తూ మిషన్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, ఆయన్ని చూడలేకపోయాను. ఈయన దుప్పట్లు చుట్టి తాళ్ళు బిగించారు.

లాడ్జిలో కోటు చేతులు విప్పి కుదిద్దామా అనుకున్నాను. ఎంత తగ్గించాలో తెలీదు. ఇక అంచనాలు చాలు. పిల్లని నిలబెట్టి కొలుస్తాను.

16వ తేదీ

మిషన్ బరువుకి వ్యాన్ నెమ్మదిగా పోతోంది, రాత్రికి దారిలోనే ఆగాం. రేపు చేరతాం. ఏం పిలుస్తుందో. నన్ను అమ్మా అనేది. ఇప్పుడు అనదు, తెలుసు. అనకూడదు కూడా, ఆవిడ ముందు అంటే ఎంత బాధ ఆవిడకి! అనకపోతేనే మంచిది.

అంటుందేమో.

17వ తేదీ, వాళ్ళ ఇంట్లో

మధ్యాహ్నం చేరాం. మూడో అంతస్తు, మెట్ల మీద సైకిళ్ళు. తలుపు మరిదే తీశాడు. నెత్తిన వెంట్రుకలు పల్చబడ్డాయి. "రండి వదినా" అన్నాడు, ఈయన చేతిలో సంచీ లాక్కున్నాడు.

పిల్ల స్కూల్ నుంచి వచ్చింది. గుమ్మంలో బూట్లు విప్పి వరసగా పెట్టింది. నా దగ్గర ఉన్నప్పుడు ఒక బూటు ఇంట్లో, ఒకటి వీధిలో ఉండేది. నిటారుగా నిలబడి నన్ను చూసి, "బావున్నారా పెద్దమ్మగారూ?" అంది.

గారూ.

ఆవిడ నేర్పి ఉంటుంది. పెద్దవాళ్ళని అలాగే పిలవాలి, తప్పేం కాదు. ఎంత చక్కగా పెంచింది. "బావున్నానమ్మా" అన్నాను.

కోటు చూసి నవ్వింది. తొడిగితే చేతులు కనబడలేదు, దాంట్లోనే ఇల్లంతా దెయ్యంలా తిరిగింది. మరిది పగలబడి నవ్వాడు. తర్వాత నిలబెట్టి కొలిచాను. భుజం, చెయ్యి, నడుము. టేపు మెడ చుట్టూ వేస్తే మెలికలు తిరిగింది, చక్కిలిగింతలట. సన్నటి మెడ. ముట్టుకున్నాను కదా, చాలు. నా కళ్ళలోకి ఒక పరాయి ఆవిడని చూసినట్టు చూస్తూ, మర్యాదగా, కదలకుండా నిలబడింది.

మంచి పిల్ల. తెలివైనది. లెక్కల్లో ముందుంటుందట. కానీ నేను వెతుక్కుంటూ వచ్చిన పిల్ల ఈ ఇంట్లో లేదు. స్పాంజి ముక్కల గుట్టలో పడుకుని నిద్రపోయే పిల్ల, సుద్ద తిని నాలుక తెల్లగా చేసుకునే పిల్ల. ఆ పిల్ల ఏ ఊళ్ళో ఆగినా దొరకదు. ఎదిగిపోయింది. ఇన్నాళ్ళూ నేను దాన్ని ఎవరో తీసుకెళ్ళారనుకున్నాను.

నాకు అది కావాలి. ఎవరికీ చెప్పుకోలేను ఈ మాట. ఎదురుగా నిక్షేపంలాంటి పిల్లని పెట్టుకుని, నాకు ఇది కాదు అది కావాలి అంటే చెప్పుతో కొడతారు.

రేపు పొద్దున్నే బయల్దేరదామని ఈయనతో అన్నాను. "సరే" అన్నారు. అంత తేలిగ్గా సరే అంటారనుకోలేదు.

18వ తేదీ

పొద్దున్నే బయల్దేరలేదు.

ఏదో పండగ సెలవు. ఈయనా మరిదీ వ్యాన్ తాళ్ళు చూడ్డానికని కిందికి వెళ్ళారు. నేను సోఫాలో కూర్చుంటే కిందికంటా దిగిపోయాను. రాత్రే గమనించాను, పట్టీలు తెగి స్ప్రింగులు వేలాడుతున్నాయి. చూస్తూ ఊరుకోలేను, అది నా జబ్బు. "పది నిమిషాల పని" అని ఆవిడతో చెప్పి, వ్యాన్‌లోంచి పనిముట్లు తెప్పించి, సోఫాని తలకిందులు చేశాను. ఆవిడ వద్దు వద్దంటూ వంటింట్లోకి పోయింది గిన్నెలు తోముకోవడానికి.

పిల్ల వచ్చి పక్కన చతికిలబడింది. నా నోట్లో చిన్న మేకులున్నాయి, ఒక్కొక్కటి తీసి కొట్టడం దానికి వింతగా ఉంది. "మింగేస్తే?" అంది. తల అడ్డంగా ఊపాను. కాసేపు పట్టీ చివర పట్టుకుని సాయం చేసింది.

"పెద్దమ్మగారూ, మీకు నా చిన్నప్పుడు తెలుసట కదా?"

తల ఊపాను.

"మా నాన్నకి తెలీదు, ఓడలో ఉండేవాడు. అమ్మకీ తెలీదు. మొన్న స్కూల్లో, చిన్నప్పుడు మీరెలా ఉండేవాళ్ళో ఇంట్లో అడిగి రాసుకు రమ్మన్నారు. అందరూ అడిగి రాశారు. నేను కల్పించి రాశాను."

సుత్తి కింద పెట్టేశాను. మేకులు అరచేతిలో ఉమ్మేశాను. "ఏం రాశావు?"

"తొమ్మిదో నెలకే నడిచేశానని రాశాను. అబద్ధమా?"

"పచ్చి అబద్ధం. ఏడాది దాటినా పాకుతూనే ఉన్నావు. నడవడమా! ఎక్కడికైనా పోవాలంటే చేతులు చాచేదానివి, మహారాణీ."

నవ్వింది. నోట్లో ఒక పక్క పన్ను లేదు. నా పక్కకి జరిగి కూర్చుంది.

"నన్ను నాన్న తీసుకొచ్చేసినప్పుడు నేను ఏడ్చానా?"

"లేదు. కారెక్కిన సంబరం నీకు. చెయ్యి ఊపావు."

"మరి మీరు?"

పిల్ల నా మొహంలోకే చూస్తోంది. మాట దాటేయడానికి ఏదీ దొరకలేదు, మేకులు కూడా నోట్లో లేవు.

"ఏడ్చాను. చాలా రోజులు ఏడ్చాను. ఇప్పటికీ అప్పుడప్పుడు ఏడుస్తాను."

 పట్టీ చివర వేలికి చుట్టుకుంది. "నాకు గుర్తు లేదు" అంది, చిన్న గొంతుతో. తప్పు చేసినట్టు. "ఎంత గుర్తు తెచ్చుకున్నా రాదు. నాలుగేళ్ళ దాకా నేను ఎవరో నాకు తెలీదు. మీ ఒక్కళ్ళకే తెలుసు. చెబుతారా?"

నేను నా పిల్ల కోసం వచ్చాననుకున్నాను. అదే పిల్ల కోసం ఇదీ వెతుక్కుంటోంది.

చెప్పడం మొదలుపెట్టాను. సుద్ద సంగతి, లేబుల్ తగిలితే గౌను విప్పేసి పరిగెత్తిన సంగతి. ఒకసారి కస్టమర్ సోఫాలో దాక్కుని నిద్రపోతే, సోఫాతో పాటు దాన్ని కూడా లారీ ఎక్కించబోయిన సంగతి. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వుతోంది. వంటింట్లో కుళాయి ఆగిపోయింది. గిన్నెల చప్పుడు కూడా లేదు. తలెత్తి చూస్తే ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది, మోచేతుల దాకా సబ్బు నురగ.

మాట ఆపేశాను. నోరు జారానేమో, ఆవిడ ముందు ఇవన్నీ ఎందుకు చెప్పానని కంగారుపడ్డాను.

ఆవిడ వచ్చి, చేతులు తుడుచుకోకుండానే, పిల్లకి అటు పక్కన నేల మీద కూర్చుంది.

"ఆగండక్కా, అలా మధ్యలోంచి కాదు" అంది. "పుట్టినప్పటినుంచి చెప్పండి. అది నన్ను అడిగినప్పుడల్లా ఏం చెప్పాలో తెలియక చస్తున్నాను. నేనూ చూడలేదు కదా దాన్ని."